చిన్న కాలేజీని డిపార్ట్‌మెంట్ చూసి ఎంచుకోవాలి: హనుమకొండ ఎంపీసీ విద్యార్థిని కేసు

కాలేజీ అడ్మిషన్ల సలహా కోసం నా దగ్గరికి వచ్చిన ఈ కేసు 2023-24 ఏడాదిది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్ల పేర్లూ, ఆఫర్ ఇచ్చిన కాలేజీల పేర్లూ తీసేశాను. అంకెలు గుండ్రం చేశాను.

మన దగ్గర బీటెక్ కౌన్సెలింగ్ గురించీ, ఎంఎస్‌కు వెళ్లడం గురించీ చెప్పేవాళ్లకు కొదవ లేదు. చిన్న ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (ఒక ప్రధాన సబ్జెక్టుతో పాటు వేరే సబ్జెక్టులు కూడా కలిపి చదివించే చోట) డిగ్రీ చదవాలనే పిల్లలు వచ్చినప్పుడు మాత్రం పెద్దలకు దొరికేవి రెండే: ర్యాంకు, స్కాలర్‌షిప్ మొత్తం. ఆ రెండూ నమ్ముకుని తీసుకున్న నిర్ణయాలు చాలా చూశాను. పాతిక ముప్పై వేల మంది చదివే యూనివర్సిటీని పేరు చూసి ఎంచుకున్నా పెద్ద నష్టం ఉండదు. అక్కడ ఒక దారి మూసుకుపోతే ఇంకోటి దొరుకుతుంది. పదిహేను వందల మంది ఉండే చోట ఆ వెసులుబాటు ఉండదు. మీరు చదవబోయే డిపార్ట్‌మెంటే మీకు కాలేజీ. ఈ కేసు తేలింది అక్కడే, అందుకే ఇక్కడ దాని మీద ఎక్కువ రాస్తున్నాను.

అమ్మాయి, ఇల్లు

అమ్మాయి హనుమకొండలో ఒక కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ. తండ్రి వ్యవసాయ శాఖలో ఉద్యోగి, తల్లి ప్రైవేటు స్కూల్లో టీచర్. తమ్ముడు అప్పటికి ఎనిమిదో తరగతి. తండ్రికి స్వయానా తమ్ముడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఇంట్లో చదువుల విషయం ఏదైనా ఆయన్ని అడగనిదే తేలదు.

ఇంటర్ మొదటి సంవత్సరంలో 470కి 460 దాటాయి. జేఈఈ మెయిన్ రాయడానికి అభ్యంతరం లేదు కానీ ఇంజినీరింగ్ మీద మనసు లేదంది. ఈ మాట చెప్పే పిల్లలు చాలామందే వస్తారు. వాళ్లలో ఎక్కువమందికి ఏం వద్దో తెలుసు, ఏం కావాలో తెలియదు. ఈ అమ్మాయి దగ్గర ఒక ప్రశ్న ఉంది. నాన్నతో కలిసి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లినప్పుడల్లా పత్తి ధరలు నోట్‌బుక్‌లో రాసుకునేది. 2023-24 సీజన్లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,020 రూపాయలు. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొంటున్నా కొందరు రైతులు అంతకంటే తక్కువకు వ్యాపారికే ఎందుకు అమ్ముతున్నారు? తేమ శాతం ఎక్కువుందని వెనక్కి పంపుతారనే భయమా, డబ్బు చేతికి రావడానికి పట్టే రోజులా, విత్తనాలప్పుడు ఆ వ్యాపారి దగ్గరే తీసుకున్న అప్పా? మూడూ ఉన్నాయని ఊళ్లో ఎవరైనా చెబుతారు. ఏది ఎంతో లెక్క తేల్చొచ్చా అన్నది ఆమె అడిగేది.

దానికి కావాల్సింది ఎకనామిక్స్, దాని పక్కనే గట్టి మ్యాథ్స్, స్టాటిస్టిక్స్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ, సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీలు లిస్టులో మొదటి నుంచీ ఉన్నాయి. వాటిని చివరిదాకా తీసెయ్యలేదు. లిబరల్ ఆర్ట్స్ ఆలోచన ఆమెదే. స్కూల్లో సీనియర్ ఒకరు అశోకా యూనివర్సిటీలో చదువుతుంటే అతని కోర్సుల లిస్టు చూసింది: ఎకనామిక్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మ్యాథ్స్ మైనర్ (రెండో సబ్జెక్టు), వాటితో పాటు చరిత్రలో రెండు పేపర్లు.

ఇంట్లో వచ్చిన ప్రశ్నలు

తండ్రి మొదటి మాట ఇది: "బీఏ చదివించనీకి ఇన్ని లక్షలా సార్? దోస్త్‌ల పెడితే ఇక్కడ్నే అయిపోతది కదా." న్యాయమైన ప్రశ్నే. దానికి నేను గొప్ప జవాబేమీ చెప్పలేదు. డిగ్రీ కాగితం కోసమే అయితే దోస్త్ (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) చాలు, పాప అడిగే కోర్సులు అక్కడ ఏ కాలేజీలో ఉన్నాయో మనం కలిసి చూద్దాం అన్నాను. చూశాం. లెక్కలతో కూడిన ఎకనామిక్స్, మూడో ఏడాదిలో ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాను స్టాటిస్టిక్స్‌తో విశ్లేషించే సబ్జెక్టు), డేటాతో సొంతంగా పని చేయించే ప్రాజెక్టు, ఈ మూడూ ఒకే చోట ఇంటికి దగ్గర్లో దొరకలేదు.

తల్లి అడిగింది వేరు. ఎంపీసీలో అన్ని మార్కులు తెచ్చుకున్న పిల్ల లెక్కలు వదిలేస్తుందా అని. ఈ కాలేజీల్లో మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ కూడా మేజర్లుగా ఉంటాయని సిలబస్ తెరిచి చూపిస్తే ఆమె టెన్షన్ ఒక్క సిట్టింగ్‌లో తీరిపోయింది.

ఫ్రిస్కో బాబాయి వాట్సాప్ కాల్‌లో కుండబద్దలు కొట్టాడు: "అన్నా, ఆ కాలేజీల పేర్లు ఇక్కడ మా ఆఫీసుల ఒక్కనికి తెల్వదు. పంపితే కంప్యూటర్ సైన్స్‌కు పంపు. లేకుంటే అక్కడ్నే ఉంచు." ఆయన మాటలో నిజముంది. అమెరికాలో చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు వెయ్యి నుంచి రెండున్నర వేల మంది డిగ్రీ విద్యార్థులతో నడుస్తాయి. ఎంఎస్, పీహెచ్‌డీ చాలా చోట్ల ఉండవు, కాబట్టి మన ఎంఎస్ పిల్లలు వాటి గడప తొక్కే అవసరమే రాదు. వాటి పేరు పీహెచ్‌డీ అడ్మిషన్లు చూసే ప్రొఫెసర్లకు తెలుసు, ఫ్రిస్కోలో కోడ్ రాసే టీమ్‌కు తెలియదు. ఎవరికి తెలియాలి అన్నది విద్యార్థి ఎటు పోవాలనుకుంటోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ అమ్మాయి చూపు పరిశోధన వైపు.

ముందు అంకె రాయించుకోవడం

కుటుంబం ఎంత పెట్టగలదో కాగితం మీద రాయించుకోకుండా నేను కాలేజీల లిస్టు ఇవ్వను. లిస్టు ముందు ఇస్తే పిల్లలు ఒక కాలేజీతో ప్రేమలో పడతారు, ఆ తర్వాత పెద్దలు భూమి అమ్మే మాట మొదలుపెడతారు. వీళ్లు రాసింది: ఏడాదికి 8 లక్షలు, నాలుగేళ్లకు కలిపి మహా అయితే 15 లక్షల లోన్. భూమి జోలికి పోవద్దు. తమ్ముడి చదువు ముందుంది. అంటే నాలుగేళ్లకు మొత్తం 47 లక్షలు.

అమెరికా ప్రైవేటు కాలేజీల్లో పేరున్న వాటికి ఫీజు, హాస్టల్, భోజనం అన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటిపోయాయి. 47 లక్షలతో అక్కడ ఒక్క ఏడాది కూడా గడవదు. కాబట్టి లిస్టులో ఉండాల్సింది విదేశీ విద్యార్థులకు అవసరాన్ని బట్టి సాయం చేసే కాలేజీలే. ఇక్కడ రెండు రకాలున్నాయి. డబ్బు అడిగారా లేదా అన్నది చూడకుండా అడ్మిషన్ నిర్ణయించేవి కొన్ని. ఆమ్‌హెర్స్ట్, బోడిన్ విదేశీయులకు కూడా అలా చేస్తాయి. వాటిలో సీటు దొరకడం దాదాపు లాటరీ. రెండో రకం, తీసుకుంటే అవసరమంతా భరిస్తాయి కానీ తీసుకునేటప్పుడు మీకెంత ఖర్చవుతుందో చూస్తాయి.

ఏ కాలేజీ విదేశీయులకు నిజంగా ఎంత ఇస్తుందో తెలుసుకోవడానికి బ్రోషర్ పనికిరాదు. చాలా అమెరికన్ కాలేజీలు ప్రతి ఏడాదీ కామన్ డేటా సెట్ అనే ఫైలు వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో హెచ్6 అనే భాగంలో ఎంతమంది విదేశీ డిగ్రీ విద్యార్థులకు సాయం ఇచ్చారు, సగటున ఎంత ఇచ్చారు అన్నది ఉంటుంది. ఐ భాగంలో క్లాసుల సైజులుంటాయి. ఈ రెండు పేజీలు చదివితే లిస్టు సగానికి సగం తగ్గిపోతుంది. ఈ అమ్మాయి వాటిని తనే చదివి ఎక్సెల్‌లో వేసింది. మిగిలిన అమెరికా కాలేజీలు ఆరు. మన దేశంలో నాలుగు.

మన దేశంలో ఈ తరహా యూనివర్సిటీలు కొత్తవి. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ 2010లో, అశోకా 2014లో, మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఉన్న క్రియా 2018లో వచ్చాయి. అహ్మదాబాద్ యూనివర్సిటీ, పుణేలో ఫ్లేమ్ కూడా ఇదే కోవలోవి. ఇవి ఆయా రాష్ట్రాల చట్టాలతో ఏర్పడ్డ ప్రైవేటు యూనివర్సిటీలు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే పద్ధతి వీటిలో చాలా చోట్ల ఉంది.

కాగితాల పని

ఇది త్వరగా చెప్పేస్తాను, కానీ దీనికే ఎక్కువ సమయం పోయింది. అమెరికా కాలేజీలకు ఒకే చోట అప్లై చేసే కామన్ యాప్ తొమ్మిది నుంచి పన్నెండు దాకా మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతుంది. కౌన్సెలర్ లెటర్, స్కూల్ ప్రొఫైల్ అడుగుతుంది. మన ఇంటర్ కాలేజీలో కౌన్సెలర్ ఎవరు? ప్రిన్సిపాల్‌కు మెయిల్ ఐడీ లేదు, ఉన్నది అడ్మిషన్ల ఆఫీసుది. తొమ్మిది, పది మార్కులు స్కూల్ నుంచి, ఇంటర్ మొదటి సంవత్సరం మెమో బోర్డు నుంచి తెచ్చి, స్కూల్ ప్రొఫైల్ మేమే డ్రాఫ్ట్ చేసి సంతకం చేయించాం. ప్రొఫైల్‌లో ఒక విషయం తప్పకుండా రాయాలి: ఇక్కడ కోర్సులు ఎంచుకునే వీలు లేదు, ఎంపీసీ అంటే అందరికీ అవే సబ్జెక్టులు. అది రాయకపోతే అవతల చదివే ఆఫీసర్ పిల్ల తేలిక కోర్సులు తీసుకుందనుకుంటాడు.

నూటికి పైగా ఉన్న సెక్షన్లో పిల్లను పేరుతో గుర్తుపట్టే లెక్చరర్ దొరకడం కూడా కష్టమే. మ్యాథ్స్ లెక్చరర్ దొరికాడు. డౌట్ల కోసం రాత్రి స్టడీ అవర్లో తన దగ్గరికొచ్చేది కాబట్టి ఆయన లెటర్‌లో రాయడానికి విషయం ఉంది.

ఆర్థిక సాయం కోసం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం దగ్గర తండ్రి ఆగిపోయాడు. ఆస్తుల విలువ రాయమంటుంది. తాత పేరు మీద నాలుగెకరాలుంది, పంచుకోలేదు. వరంగల్ చుట్టూ రోడ్లు వస్తున్నాయని బయట ధర రిజిస్ట్రేషన్ విలువకు ఎన్నో రెట్లుంది. "రాయకుంటే ఏమైతది సార్?" అన్నాడు. తాత పేరు మీదున్నది మీ ఆస్తి కాదు, కాబట్టి దాన్ని మీ ఆస్తిగా చూపక్కర్లేదు, కానీ ఉమ్మడి భూమి ఉందనీ, దాని మీద కౌలు ఎంత వస్తుందనీ వివరణలో రాయండి అని చెప్పాను. ఉన్న ఇల్లు, తల్లి బంగారం, ప్రావిడెంట్ ఫండ్ దేని కింద రావాలో దాని కింద రాశాం. దాచడం మొదలుపెడితే తర్వాత వీసా ఇంటర్వ్యూలో బ్యాంకు కాగితాలు వేరే కథ చెబుతాయి.

మార్చి, ఏప్రిల్: వచ్చినవి

అమెరికాలో నాలుగు తిరస్కరించాయి. మిడ్‌వెస్ట్‌లో ఆమెకు బాగా నచ్చిన కాలేజీ వెయిట్‌లిస్ట్‌లో పెట్టింది. సాయం అడిగిన విదేశీ విద్యార్థికి వెయిట్‌లిస్ట్ నుంచి పిలుపు చాలా అరుదు, అప్పటికి ఆ ఏడాది డబ్బు అయిపోయి ఉంటుంది. మర్చిపొమ్మన్నాను. పెన్సిల్వేనియాలో ఒక కాలేజీ సీటుతో పాటు ఏడాదికి 30 వేల డాలర్ల మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చింది. మన దేశంలో రెండు చోట్ల సీటు వచ్చింది, ఒకదాంట్లో ట్యూషన్ ఫీజులో 80 శాతం మాఫీ.

పెన్సిల్వేనియా లెటర్ వచ్చిన రోజు ఇంట్లో స్వీట్లు పంచారు. అందమైన కాగితం, స్కాలర్‌షిప్‌కు ఒక పెద్ద పేరు. ముప్పై వేల డాలర్లంటే దాదాపు పాతిక లక్షలు. బాబాయి కూడా మెత్తబడ్డాడు: "స్కాలర్‌షిప్ ఇస్తున్నరంటే మంచిదే ఉంటది అన్నా. పార్ట్‌టైమ్ చేస్కుంటది."

ఇక్కడి నుంచీ పని మొదలైంది.

ఆ స్కాలర్‌షిప్‌ను విప్పి చూస్తే

అమెరికా ప్రైవేటు కాలేజీలు మొదటి ఏడాది విద్యార్థులకు ప్రకటించిన ట్యూషన్ ఫీజులో సగటున సగానికి పైగా తగ్గించి వసూలు చేస్తున్నాయి. అక్కడ కాలేజీల ఆర్థికాధికారుల సంఘం ఏటా చేసే సర్వేలో తేలే విషయమిది. అంటే 30 వేల స్కాలర్‌షిప్ చాలా చోట్ల మెరిట్‌కు గుర్తింపు అన్నదాని కంటే, పండగ సీజన్లో చీరల షాపు పెట్టే డిస్కౌంట్ బోర్డుకు దగ్గర. తప్పేమీ లేదు. కానీ చూడాల్సింది తగ్గాక చేతి నుంచి పోయేదెంత అన్నది.

ఆ కాలేజీ మొత్తం ఖర్చు ఏడాదికి 62 వేల డాలర్లు. స్కాలర్‌షిప్ పోను 32 వేలు. కుటుంబం దీన్ని నాలుగుతో గుణించి లక్షా 28 వేల డాలర్లు అనుకుంది. స్కాలర్‌షిప్ మాత్రం నాలుగేళ్లూ అదే 30 వేలు, శాతం కాదు. ఫీజు ఏటా 4 శాతం పెరుగుతుందనుకుంటే నాలుగో ఏడాదికి మొత్తం ఖర్చు 70 వేలకు దగ్గరవుతుంది. నాలుగేళ్లకూ కట్టాల్సింది లక్షా 43 వేల డాలర్లు. అప్పటి 83 రూపాయల లెక్కన కోటీ 19 లక్షలు. విమానం టికెట్లు ఇందులో లేవు. రూపాయి అక్కడే ఆగుతుందన్న హామీ లేదు.

పార్ట్‌టైమ్ సంగతి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు. పెన్సిల్వేనియాలో కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. ముప్పై వారాలు పూర్తిగా పని చేసినా నాలుగు వేల మూడొందల చిల్లర. చిన్న క్యాంపస్‌లో ఆ పని అందరికీ దొరకదు కూడా. ఈ లెక్క చెప్పాక బాబాయి పార్ట్‌టైమ్ మాట మళ్లీ ఎత్తలేదు. ఆయన ఎంఎస్ రోజుల్లో చేసింది వేరు, ఆ కాలం వేరు.

47 లక్షలకూ కోటీ 19 లక్షలకూ మధ్య దూరం చూశాక కేసు ముగిసినట్టే. అయినా తండ్రి అడిగాడు: "భూమి ఉంది కదా సార్. బిడ్డ మళ్లీ అడగది." అందుకని డబ్బు పక్కన పెట్టి, ఉచితంగా ఇచ్చినా అక్కడ చదవాలా అన్న ప్రశ్న వేసుకున్నాం.

డిపార్ట్‌మెంట్‌ను చదవడం

కాలేజీ క్యాటలాగ్‌లో ఎకనామిక్స్ కింద ఇరవైకి పైగా కోర్సులున్నాయి. క్యాటలాగ్ హోటల్ మెనూ లాంటిది అని పిల్లలకు చెబుతుంటాను, ఆ రోజు వంటింట్లో ఏం వండారో వేరే చూడాలి. చూడాల్సింది సెమిస్టర్ల వారీ కోర్సు షెడ్యూల్. చాలా కాలేజీల్లో అది లాగిన్ లేకుండానే తెరుచుకుంటుంది. గత నాలుగు సెమిస్టర్ల షెడ్యూల్ తెరిచి, తనకు కావాల్సిన కోర్సులు ఎప్పుడు నడిచాయో రాసుకు రమ్మన్నాను.

ఎకనామిక్స్ పీహెచ్‌డీకి పోవాలనుకునేవాళ్లకు క్యాల్‌క్యులస్ మొత్తం, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ఎకనామెట్రిక్స్, వీటన్నిటి మీద రియల్ అనాలిసిస్ (క్యాల్‌క్యులస్‌ను నిరూపణలతో చదివే పైస్థాయి మ్యాథ్స్ కోర్సు) కావాలి. రియల్ అనాలిసిస్‌లో వచ్చిన గ్రేడ్‌ను పీహెచ్‌డీ కమిటీలు ప్రత్యేకంగా చూస్తాయి. అమ్మాయి తెచ్చిన కాగితం ప్రకారం ఆ కాలేజీలో ఎకనామెట్రిక్స్ ఆ నాలుగు సెమిస్టర్లలో ఒక్కసారే నడిచింది. రియల్ అనాలిసిస్ ఏడాది విడిచి ఏడాది. ఎకనామిక్స్‌లో పర్మనెంట్ ప్రొఫెసర్లు ఇద్దరు, ఒక విజిటింగ్. ఇద్దరిలో ఒకరు ఆ తర్వాతి ఏడాది సబాటికల్‌కు (పరిశోధన కోసం తీసుకునే దీర్ఘ సెలవు) వెళ్తున్నారు. మిగిలిన కోర్సుల్లో ఎక్కువ భాగం బిజినెస్ వైపువి.

పెద్ద యూనివర్సిటీలో డిగ్రీ కోర్సు లేకపోతే మాస్టర్స్ క్లాసులో కూర్చోవచ్చు. ఇక్కడ మాస్టర్స్ లేదు. డిపార్ట్‌మెంట్ హెడ్‌కు మెయిల్ రాయించాను. రెండు రోజుల్లో మర్యాదగా, వివరంగా జవాబు వచ్చింది: అవసరమైతే ఇండిపెండెంట్ స్టడీ ఏర్పాటు చేస్తామని. చిన్న కాలేజీల మంచితనమంతా ఆ జవాబులో ఉంది, అంత త్వరగా పెద్ద చోట ఎవరూ రాయరు. కానీ రియల్ అనాలిసిస్‌ను ఒంటరిగా ప్రొఫెసర్ ఎదురుగా వారానికోసారి కూర్చుని చదవడం, పదిమందితో కలిసి రాత్రుళ్లు ప్రాబ్లమ్స్ కొట్టుకుంటూ చదవడం ఒకటి కాదు. నా అభిప్రాయంలో ఇండిపెండెంట్ స్టడీ పునాది కోర్సులకు పనికిరాదు.

కాలేజీ ఆరోగ్యం కూడా చూశాం. అమెరికాలో జననాలు 2007లో గరిష్ఠానికి చేరి, 2008 మాంద్యం నుంచి తగ్గుతూ వచ్చాయి. అంటే 2025 తర్వాత పద్దెనిమిదేళ్ల పిల్లలు తగ్గుతారు. ఫీజుల మీదే బతికే చిన్న ప్రైవేటు కాలేజీలకు ఆ దెబ్బ ముందుగా తగులుతుంది. మేం ఇది మాట్లాడుకుంటున్న వారాల్లోనే ఉదాహరణలు వచ్చి పడ్డాయి. 1856 నాటి బర్మింగ్‌హామ్ సదరన్ కాలేజీ మే నెలాఖరుకు మూసేస్తున్నామని మార్చిలో ప్రకటించింది. న్యూయార్క్ రాష్ట్రంలో 1868 నాటి వెల్స్ కాలేజీ ఏప్రిల్ చివర్లో, సెమిస్టర్ అయిపోగానే మూత అని చెప్పింది. మూసేటప్పుడు పిల్లల్ని వేరే కాలేజీలకు పంపే ఒప్పందాలు చేస్తారు. ఎఫ్-1 విద్యార్థి మాత్రం ఐ-20 (వీసాకు ఆధారంగా కాలేజీ ఇచ్చే పత్రం) మార్చుకోవాలి, కొత్త చోట స్కాలర్‌షిప్ మళ్లీ అడగాలి, అదీ వేసవి సెలవుల్లో.

పెన్సిల్వేనియా కాలేజీ మూతపడుతుందని నేను అనలేదు. అమెరికా కేంద్ర విద్యా శాఖ ప్రైవేటు కాలేజీలకు ఇచ్చే ఆర్థిక స్కోరు మైనస్ 1 నుంచి 3 దాకా ఉంటుంది, 1.5 వస్తే పాస్. ఆ కాలేజీ పాసే. కానీ పదేళ్లలో విద్యార్థుల సంఖ్య బాగా తగ్గింది, ఆ మధ్య కొన్ని మేజర్లు ఎత్తేశారు. ఎత్తేసేటప్పుడు ముందు పోయేది తక్కువ మంది తీసుకునే పైస్థాయి కోర్సులే. ఈ అమ్మాయికి కావాల్సినవి అవే.

మన దేశంలోది

అవే ప్రశ్నలు ఇక్కడ కూడా వేశాం. మాఫీ ఇచ్చిన యూనివర్సిటీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్లు పదిహేను మంది దాకా ఉన్నారు. ఎకనామెట్రిక్స్ ఏటా నడుస్తోంది, రియల్ అనాలిసిస్ కూడా. మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్ చిన్నది, దానికి మించి పై కోర్సులు అన్నీ దొరకవు. వ్యవసాయ మార్కెట్ల మీద పనిచేసే ప్రొఫెసర్ ఒకరున్నారు. ఆవిడ పేపర్ ఒకటి అమ్మాయి చదివి, అర్థం కాని చోట్ల గీతలు పెట్టి తెచ్చింది.

డబ్బు లెక్క: మాఫీ పోను హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి నాలుగున్నర లక్షలు. ఇక్కడ మాఫీ శాతంలో ఇచ్చారు, కాబట్టి ట్యూషన్ ఫీజు పెరిగితే మాఫీ కూడా పెరుగుతుంది. అదే రూపాయల్లో ఇచ్చి ఉంటే పెన్సిల్వేనియా కథే. ఏటా ఆదాయం కాగితాలు మళ్లీ చూస్తారా, జీపీఏ ఎంత తగ్గితే మాఫీ పోతుంది, నాలుగో ఏడాదికి కూడా వర్తిస్తుందా, ఈ మూడూ మెయిల్‌లో అడిగించి రాతపూర్వకంగా తెప్పించాం. ఫోన్‌లో చెప్పిన మాట రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

నాలుగేళ్ల డిగ్రీ అన్నది కూడా కలిసొచ్చింది. 2022 డిసెంబర్‌లో యూజీసీ ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్లకు 120 క్రెడిట్లతో డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు, నాలుగో ఏడాది ఉంటే 160 క్రెడిట్లతో ఆనర్స్. పరిశోధనతో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. మూడేళ్ల డిగ్రీతో అమెరికాలో అప్లై చేస్తే కొన్ని చోట్ల వచ్చే చిక్కు నాలుగేళ్ల డిగ్రీకి రాదు.

బాబాయి ఒప్పుకున్నది ఇక్కడే. ఎకనామిక్స్ పీహెచ్‌డీకి అమెరికాలో మంచి యూనివర్సిటీలు ట్యూషన్ మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. ఇప్పుడు కోటి పెట్టి వెళ్లే దేశానికి నాలుగేళ్లాగి వాళ్ల డబ్బుతోనే వెళ్లే దారి ఉందన్నమాట. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే అక్కడ గ్రేడ్స్ కొడ్తదా మరి?" అన్నాడు. కొట్టాలి.

ఢిల్లీ యూనివర్సిటీ దారిని ఏప్రిల్‌లోనే వదలలేదు. సీయూఈటీ రాసింది. ఖర్చు అక్కడ ఇంకా తక్కువ, డిగ్రీకి పేరూ ఉంది. ఆ ఏడాది ఫలితాలు ఆలస్యమై, ఇక్కడ ఫీజు కట్టే గడువు ముందుకొచ్చింది. కుటుంబం ఇక్కడే కట్టింది. సీయూఈటీ ముందు వచ్చి ఉంటే నిర్ణయం మారేదేమో. అమ్మాయి మారేది కాదంటుంది.

చేరాక

మొదటి సెమిస్టర్ బాగా జరగలేదు. లెక్కల్లో అందరికంటే ముందుంది, రాతలో అందరికంటే వెనక. ఇంటర్ ఇంగ్లిష్ పేపర్‌లో బట్టీ పట్టిన జవాబు రాస్తే మార్కులు పడతాయి. ఇక్కడ రైటింగ్ సెమినార్‌లో పదిహేను వందల పదాల వ్యాసం రాయమన్నారు. స్కూల్ ప్రాజెక్టులకు చేసినట్టే నెట్‌లోంచి రెండు పేరాలు ఎత్తి పెట్టింది, ఎక్కడిదో రాయలేదు. దాన్ని ప్లేజియరిజం కింద పట్టుకుని హెచ్చరించారు. తండ్రికి ఫోన్ చేసి ఏడ్చింది, ఆయన నాకు చేశాడు. మన కార్పొరేట్ కాలేజీల నుంచి వెళ్లే పిల్లల్లో ఇది కొత్త కాదు. మోసం చెయ్యాలని చేసేది కాదు, సొంత వాదన రాయమని పన్నెండేళ్లలో వాళ్లను ఎవరూ అడగలేదు. యూనివర్సిటీ రైటింగ్ సెంటర్‌లో వారానికోసారి కూర్చుంది. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలతో అప్లికేషన్ వ్యాసాలకు ముందే, చదివిన ఒక వ్యాసానికి జవాబు రాయిస్తున్నాను, మూలం చెబుతూ.

ఇంకోటి డబ్బు. క్లాసులో ఎక్కువమంది ఢిల్లీ, ముంబై ఇంటర్నేషనల్ స్కూళ్ల పిల్లలు. వారాంతంలో బయటికి పోతే ఒక్కసారికి ఈ అమ్మాయి నెల పాకెట్ మనీ అయిపోతుంది. ఈ సంగతి ఏ బ్రోషర్‌లోనూ ఉండదు, పెద్దలకు తట్టదు. మాఫీతో చదివే మరో నలుగురైదుగురితో కలిసి ఒక గ్రూపు అయ్యాక తేలికపడింది.

ఇప్పుడు రెండో ఏడాది ముగుస్తోంది. రియల్ అనాలిసిస్ అయిపోయింది, మంచి గ్రేడే వచ్చింది. వ్యవసాయ మార్కెట్ల ప్రొఫెసర్ దగ్గర అగ్‌మార్క్‌నెట్ (మార్కెట్ యార్డుల ధరలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్) ధరల డేటా శుభ్రం చేసే పని చేస్తోంది, నెలకు కొంత డబ్బిస్తారు. ఈ వేసవిలో ఎనుమాములలో అడ్తి వ్యాపారుల దగ్గర అప్పుల వివరాలు సేకరించాలని ప్లాన్ వేసుకుంది. వాళ్లు లెక్కల పుస్తకాలు చూపిస్తారా అన్నది అనుమానమే. తండ్రి పరిచయాల మీద ఒకరిద్దరు ఒప్పుకున్నారు.

తేలాల్సింది నాలుగో ఏడాది సంగతి. మూడేళ్లకు బయటికొచ్చి ఎంఏకు వెళ్లాలా, ఉండి థీసిస్ రాయాలా అన్నది వచ్చే ఏడాది తేల్చుకోవాలి. మాఫీ నాలుగో ఏడాదికి కూడా వర్తిస్తుందన్న మెయిల్ ఉంది. కానీ తండ్రికి ప్రమోషన్ వచ్చింది, ఈసారి ఆదాయం కాగితాలు చూసి 80 శాతాన్ని తగ్గించే అవకాశముంది. అదే ఏడాది తమ్ముడు ఇంటర్‌లో ఉంటాడు. కొత్త ఫారం 16 వచ్చాక కూర్చుని మళ్లీ అంకెలు వేయాలి.